పెద్ద దవాఖాన ఎంత దూరం?

భైంసా చేతిలోని చీటీకి, మూసీ ఒడ్డు గుమ్మటాలకు నడుమ నూరేళ్ల కథ

భైంసాలో డాక్టరు "రాసిస్తున్నా" అన్నాడంటే ఇంటిల్లిపాదికీ సంగతి తెలిసిపోతుంది. ఇక్కడ అయ్యేది కాదు, పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. అప్పుడు రోగం పేరేమిటని ఎవరూ అడగరు. "ఎటు పోదాం?" అని అడుగుతారు.

ఈ ఒక్క ప్రశ్నకు ఇన్ని జవాబులున్న పట్టణం తెలంగాణలో ఇంకోటి ఉందో లేదో. కల్యాణ్‌ నుంచి నిర్మల్‌ దాకా వచ్చే 61వ నంబరు జాతీయ రహదారి భైంసా మీదుగానే పోతుంది. దాని మీద పడమటికి తిరిగితే భోకర్‌ దాటి నాందేడ్‌. తూర్పుకు తిరిగితే నలభై చిల్లర కిలోమీటర్లలో నిర్మల్‌. దక్షిణాన బాసర దగ్గర గోదావరి దాటితే నిజామాబాద్‌. నిర్మల్‌ దాకా పోయి ఉత్తరానికి మళ్లితే ఆదిలాబాద్‌ రిమ్స్‌. ఇవన్నీ చేతులెత్తేస్తే రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్‌. పత్తి ఏ మార్కెట్‌కు తోలితే గిట్టుబాటవుతుందో లెక్కలేసుకున్నట్టే రోగిని ఎటు తీసుకెళ్లాలో కూడా ఇక్కడ నలుగురూ కూర్చుని తేలుస్తారు. ఒకాయన నాందేడ్‌లో తన తమ్మునికి నయమైందంటాడు. ఇంకొకామె నిజామాబాద్‌లో మరదలి కాన్పు మంచిగ చేసిన్రంటుంది. చివరికి ఇంటి పెద్ద ఎవరో "ఉస్మానియకే పోదాం, ఆడ ఏదున్నా తేలిపోతది" అంటాడు. చర్చ అక్కడితో ముగుస్తుంది.

నాందేడ్‌ మాట ముందుగా రావడం వెనక చరిత్ర ఉంది. హైదరాబాద్‌ సంస్థానంలో భైంసా నాందేడ్‌ జిల్లా ఊరే. ఆ జిల్లా ముధోల్‌ తాలూకాలోని ముధోల్‌, భైంసా, కుభీర్‌ సర్కిళ్లు 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కాగితం మీద గీత మారింది కానీ చుట్టరికాలూ సంత బేరాలూ మారలేదు. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ ఒకే అరుగు మీద వినిపించే ఊరు ఇది. నాందేడ్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 1988 నుంచి ఉంది. మన వైపు నిజామాబాద్‌కు వైద్య కళాశాల రావడానికి ఆ తర్వాత పాతికేళ్లు పట్టింది. అలాంటప్పుడు భైంసా మనిషి పడమటి బస్సు ఎక్కితే తప్పు పట్టేదేముంది?

ఇన్ని దారులున్నా కష్టం ముదిరినప్పుడు తలుచుకునేది మాత్రం హైదరాబాద్‌నే. అందుకే ఈ ఆదివారం ఆ పెద్ద దవాఖాన కథ. దాని కొలతతో మన గడప దాకా వచ్చిన కొత్త బోధనాసుపత్రులను చూస్తే ఏం కనిపిస్తుందన్నది కూడా.

ఏ స్టాండులో దిగితే ఆ దవాఖాన

హైదరాబాద్‌లో ఏ దవాఖానలో చేరాలన్నది చాలాసార్లు బస్సు తేలుస్తుంది. జేబీఎస్‌లో దిగితే గాంధీ దగ్గర. బాసరలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగినా అంతే. ఎంజీబీఎస్‌ దాకా పోయే బస్సయితే ఉస్మానియా. మూసీ నది నడుమ దిబ్బ మీద ఉన్న ఆ బస్టాండు నుంచి నదిని దాటి అఫ్జల్‌గంజ్‌ వైపు నడిస్తే ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. బస్టాండును పాతవాళ్లు ఇప్పటికీ ఇమ్లీబన్‌ అనే అంటారు. చింతతోపు అని అర్థం.

ఆ పేరులోని చింతకు ఉస్మానియాతో ఇంకో లంకె ఉంది. ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు నిలిచి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మల్లోకి ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. కింద పోయినవాళ్ల సంఖ్య పదిహేను వేలని అంచనా. ఉర్దూ కవి అమ్జద్‌ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నాడు. నగరంలో అప్పటికి పెద్దాసుపత్రి అదే ఒడ్డున ఉండేది. మొదటి సాలార్‌జంగ్‌ దివానుగా ఉన్న కాలంలో 1866లో పెట్టిన అఫ్జల్‌గంజ్‌ దవాఖాన అది. వరద దాన్ని కూడా వదల్లేదు.

నది అంత పని చేశాక ఎవరైనా ఆసుపత్రిని దూరంగా, ఎత్తు మీద కడతారు. హైదరాబాద్‌ అలా చేయలేదు. నదినే అదుపులో పెట్టాలనుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన రెండు జలాశయాలు కట్టాలన్న ఆయన ఆలోచనతోనే 1920లో ఉస్మాన్‌సాగర్‌, 1927లో హిమాయత్‌సాగర్‌ పూర్తయ్యాయి. నదికి పగ్గం వేశామన్న ధీమాతో ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ ఉత్తరపు ఒడ్డునే కొత్త ఆసుపత్రి కట్టించాడు. నమూనా గీసింది విన్సెంట్‌ ఎష్‌. అవతలి ఒడ్డున హైకోర్టు, పక్కన సిటీ కాలేజీ, కాచిగూడ రైల్వే స్టేషన్‌ ఆయన గీసినవే. రాయి, సున్నం, ఎత్తయిన కప్పులు, గాలి ఆడే పొడవాటి వరండాలు. ఫ్యాన్లు లేని కాలంలో వార్డు చల్లగా ఉండాలంటే ఏం చేయాలో తెలిసినవాళ్లు కట్టిన ఇల్లు. ఎదురుబొదురుగా కోర్టు ఒకటి, దవాఖాన ఒకటి. ఊరి మనిషి పట్నం పోయేది ఈ రెంటి కోసమే కదా అని నాకు ఆ వంతెన మీద నిలబడ్డ ప్రతిసారీ అనిపిస్తుంది.

భవనానికంటే బడి ముందు పుట్టింది

ఉస్మానియా అనగానే గుమ్మటాలు గుర్తొస్తాయి గానీ ఆ దవాఖాన ప్రాణం గుమ్మటాల్లో లేదు. దాని వెనక ఉన్న బడిలో ఉంది. ఆ బడి వయసు భవనం వయసుకంటే చాలా ఎక్కువ.

నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో 1846లో హైదరాబాద్‌ మెడికల్‌ స్కూలు మొదలైంది. చదువు ఉర్దూలో. ఇంగ్లిషు వైద్యాన్ని దేశభాషలో చెప్పి వైద్యుల్ని తయారుచేయాలన్నది ఆలోచన. నలభై ఏళ్లు గడిచేసరికి ఆ స్కూలుకు ఎడ్వర్డ్‌ లారీ అనే సర్జన్‌ అధిపతి. ఈయనకు క్లోరోఫామ్‌ మీద గొప్ప గురి. దాంతో మత్తు ఇస్తే గుండె ఆగదు, ఊపిరిని చూసుకుంటే చాలన్నది ఆయన వాదం. రుజువు చేయడానికి 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ డబ్బిచ్చాడు. లండన్‌ నుంచి లాన్సెట్‌ పత్రిక లాడర్‌ బ్రంటన్‌ అనే పేరున్న వైద్యుణ్ని పంపింది. కుక్కల మీదా కోతుల మీదా వందల ప్రయోగాలు జరిగాయి. హైదరాబాద్‌ పేరు ప్రపంచ వైద్య పత్రికలన్నిటికీ ఎక్కింది.

చివరికి లారీ చెప్పింది తప్పని తేలింది. 1911లో గుడ్‌మన్‌ లెవీ అనే ఆయన క్లోరోఫామ్‌ గుండె లయనే చెడగొట్టి ప్రాణం తీయగలదని చూపించాడు. మన ఊళ్లలో ఈ కమిషన్ల గురించి రాసేవాళ్లు గొప్పగా రాసి ఇక్కడికొచ్చేసరికి కలం ఆపేస్తారు. నాకైతే ఆ తప్పు కూడా గొప్పగానే కనిపిస్తుంది. పెద్దాయన చెప్పాడని ఊరుకోకుండా లెక్కలు రాసి ముందు పెట్టారు. ముందు పెట్టారు కాబట్టే ఇంకొకరు వచ్చి దిద్దారు. బోధనాసుపత్రికీ మామూలు ఆసుపత్రికీ తేడా అక్కడే ఉంది.

ఆ స్కూల్లోనే 1885లో అమ్మాయిలు చేరారు. వాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి 1889లో చదువు ముగించి మత్తు ఇవ్వడంలో చేయి తిరిగినదైంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు. ఇంగ్లండులోనే ఆడపిల్లల వైద్య చదువు మీద ఇంకా వాదులాడుకుంటున్న రోజులవి.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలయ్యాక వైద్య కళాశాల కూడా అదే గొడుగు కిందికి వచ్చి ఉస్మానియా మెడికల్‌ కాలేజీ అయింది. పుస్తకాలు ఉర్దూలోకి మార్చడానికి ఏకంగా ఒక అనువాద సంస్థే పనిచేసింది. 1948 తర్వాత చదువు మళ్లీ ఇంగ్లిషుకు మళ్లింది. దాని మంచిచెడ్డలు అటుంచితే, భైంసా ముసలాయన దఖినీలో నొప్పి చెప్పుకుంటే అదే భాషలో చదివిన డాక్టరు విన్న కాలం ఒకటుండేది. ఇప్పుడు కేస్‌షీటు ఇంగ్లిషులో, చెప్పేది తెలుగులో, వినేది మరాఠీలో. మధ్యలో మాట అందించేది తరచూ పక్క మంచం రోగి కూతురో కొడుకో.

నగరమంతా పరుచుకున్న దవాఖాన

ఉస్మానియా అంటే ఒక్క అఫ్జల్‌గంజ్‌ భవనమే అనుకుంటే పొరపాటు. ఆ కళాశాల విద్యార్థులు చదువుకునే ఆసుపత్రులు నగరమంతా ఉన్నాయి. పసిబిడ్డకు బాగోలేకపోతే రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్‌. దాసి ఒకామె కాన్పులో చనిపోయిందని కలత చెందిన నిలోఫర్‌ యువరాణి పట్టుదలతో పుట్టిన ఆసుపత్రి అది. 1953లో తలుపులు తెరిచింది. కాన్పులకు పేట్లబురుజు, సుల్తాన్‌బజార్‌. కంటికి సరోజినీదేవి. ఛాతీకి, మనసుకు ఎర్రగడ్డ. క్యాన్సర్‌కు ఎంఎన్‌జే. అంటువ్యాధులకు నల్లకుంట ఫీవర్‌ ఆసుపత్రి. దాన్ని పాతవాళ్లు కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్‌ అన్న మాట జనం నోళ్లలో నలిగి నలిగి కోరంటి అయింది. 2020లో ఆ మాట ఇంటింటికీ కొత్తగా వచ్చినప్పుడు హైదరాబాద్‌ ముసలమ్మలకు మాత్రం అది నూరేళ్ల పాత మాటే.

గాంధీది వేరే వంశం. 1851లో సికింద్రాబాద్‌లో చిన్న వైద్యశాలగా మొదలై, కింగ్‌ ఎడ్వర్డ్‌ పేరు పెట్టుకుని, 1958లో గాంధీ ఆసుపత్రి అయింది. 2003లో ముషీరాబాద్‌లో పాత జైలున్న చోటికి మారింది. రాష్ట్రంలో కరోనా తొలి కేసు 2020 మార్చిలో వచ్చింది అక్కడికే. ఆ తర్వాతి నెలల్లో రాష్ట్రమంతటి బరువును మోసింది కూడా అదే.

అఫ్జల్‌గంజ్‌లో వెయ్యికి మించిన పడకలున్నాయి. కాలినగాయాలు, తల గాయాలు, కిడ్నీ జబ్బులు, పేగులు, కాలేయం, గ్రంథుల రోగాలు అన్నిటికీ వేర్వేరు విభాగాలు. ప్రైవేటులో ఎకరాలు అమ్ముకోవలసిన కిడ్నీ, కాలేయ మార్పిడి ఇక్కడ సర్కారు ఖర్చుతో జరిగింది. కాలినవారి కోసం 2021లో చర్మ బ్యాంకు పెట్టారు. చనిపోయినవాళ్ల నుంచి సేకరించిన చర్మాన్ని భద్రపరిచి, ఒళ్లు కాలినవారికి కప్పుతారు. కళ్లు దానం చేయమంటే తల ఊపేవాళ్లు ఊరూరా ఉన్నారు. చర్మం కూడా ఇవ్వవచ్చని తెలిసినవాళ్లు మన వైపు ఎందరున్నారు?

అడిగిందే అడిగే పోరలు

పెద్ద దవాఖానలో పడుకున్న ప్రతి ఒక్కరూ చేసే ఫిర్యాదు ఒకటుంది. "పొద్దటి నుంచి పోరలు ఒక్కొక్కరే వచ్చి అడిగిందే అడుగుతున్నరు." నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకింది, బీడీ తాగుతవా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ముందు విద్యార్థి, తర్వాత హౌస్‌సర్జన్‌, ఆపైన పీజీ, అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌, చివరికి యూనిట్‌ చీఫ్‌. ఐదుసార్లు చెప్పేసరికి రోగికి విసుగొస్తుంది.

ఆ విసుగులోనే పెద్ద దవాఖాన రహస్యం ఉంది. కార్పొరేట్‌ ఆసుపత్రిలో పేరున్న డాక్టరు ఐదు నిమిషాలు చూస్తాడు. ఇక్కడ ఐదుగురు చూస్తారు. కింది వాడు చూసి రాసింది పై వాడు నమ్మడు, మళ్లీ పొట్ట నొక్కి చూస్తాడు. పొద్దున్నే చీఫ్‌ రౌండ్స్‌కు వచ్చినప్పుడు మంచం పక్కన నిలబడి కేసు అప్పజెప్పాలి. ఏదైనా వదిలేస్తే అందరి ముందూ చివాట్లు. ఆ చివాట్ల భయంతో రాత్రి రెండింటికి కూడా హౌస్‌సర్జన్‌ వచ్చి బీపీ చూసి పోతాడు. పగలు పాఠం చెప్పడం, రాత్రి రోగిని చూసుకోవడం వేర్వేరు పనులు కావు. మొదటిది సరిగా నడిస్తేనే రెండోది నడుస్తుంది.

మొదటిసారి పోయేవాళ్లకు పనికొచ్చే సంగతి ఇంకోటి. పెద్ద దవాఖానలో డాక్టర్లు యూనిట్లుగా పనిచేస్తారు. ఒక్కో యూనిట్‌కు వారంలో ఒక ఓపీ రోజు. సోమవారం చూపించుకున్న రోగి మళ్లీ సోమవారమే రావాలి, ఆ యూనిట్‌ వాళ్లే చూడాలి. ఇది తెలియక గురువారం పొద్దున ఊరి నుంచి దిగి, చీటీ చూపిస్తే "సోమవారం రాండ్రి" అనిపించుకుని మళ్లీ రెండు వందల కిలోమీటర్లు తిరుగుముఖం పట్టిన మనుషులు ప్రతి బస్సులోనూ ఉంటారు. గోడ మీద పెద్ద తెలుగు అక్షరాలతో ఏ రోజు ఏ యూనిట్‌ అన్నది రాస్తే పోయేదేమీ లేదు. చీటీ మీద రాసిచ్చే రోజును ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకోండి.

చికిత్స ఉచితమే. ఖర్చంతా దాని చుట్టూ ఉంటుంది. తోడు వచ్చినవాళ్ల తిండి, పడక, పోయిన కూలి. ఐదు రూపాయల భోజనం కొంత ఆదుకుంటోంది. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. అదే రోజు ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. అందరూ మొదటిదాని గురించే మాట్లాడారు. భైంసా నుంచి పట్నానికి ప్రతి వారం భర్తనో అత్తనో చూపించుకు రావలసిన ఇల్లాలికి ఆ రెండోది కూడా వైద్య పథకమే.

పత్తి చేను అడిగే వైద్యం

మన వైపు నేల నల్లరేగడి, పంట పత్తి, సోయా. ఈ నేలకు తనవైన జబ్బులున్నాయి. వానాకాలం జ్వరాలు, పాముకాటు, పురుగుమందు.

మందు కొట్టేటప్పుడు గాలికి ముఖాన పడ్డా, చొక్కా తడిసినా, పంపు కారి వీపు నానినా ఒంట్లోకి దిగుతుంది. 2017లో మన ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న యవత్మాల్‌ జిల్లాలో పత్తికి మందు కొడుతూనే ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. కంటిపాప సూది మొనంత అవుతుంది, నోట్లో నీళ్లూరుతాయి, ఛాతీ నెమ్ముతుంది. అప్పుడు కావలసింది అట్రోపిన్‌. అది ఇంత అని లెక్కకట్టి ఒక్కసారి పొడిచి వదిలేసేది కాదు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా, నిమిషాల లెక్కన పక్కనే నిలబడి పెంచుతూ పోవాలి. అంతా తేరుకున్నాడనుకున్న మనిషికి రెండో రోజో మూడో రోజో మెడ నిలబడదు, ఊపిరి కండరాలు సడలుతాయి. అప్పటికి వెంటిలేటర్‌ చేతికందే దూరంలో ఉండాలి. ఇది పుస్తకంలో రెండు పేరాలు. వార్డులో మూడు రాత్రుల కాపలా. అలాంటి రాత్రులు గడిపిన డాక్టర్లు తెలంగాణ బోధనాసుపత్రుల్లో ఉన్నంతమంది ఖరీదైన ఆసుపత్రుల్లో దొరకరు.

పాముకాటూ అంతే. మన దగ్గర వాడే విరుగుడు మందు ఒక్కటే, నాలుగింటికి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పామును పట్టి సంచిలో వేసి తేవాల్సిన పని లేదు. కట్లపాము కాటుకు వాపు, నొప్పి పెద్దగా ఉండవు. నేల మీద పడుకున్న కూలి పొద్దున లేచి కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలుతుంటాయి. ఆ రెప్పల్ని చూసి పాముకాటని పట్టుకోవడం ఎవరో మంచం పక్కన నేర్పితే వచ్చే విద్య. ఇక్కడ గంటలు విలువైనవి. హైదరాబాద్‌ ఎంత పెద్దదైనా ఈ రెండు కేసులకూ చాలా దూరం. ఏరియా ఆసుపత్రిలో మొదటి మందు పడకుండా బయల్దేరిన అంబులెన్సు ఎంత వేగంగా పోయినా ఆలస్యమే.

మళ్లీ నీళ్లే వచ్చాయి

1908లో నీళ్లు తెచ్చిపెట్టిన ఆసుపత్రిని 2020లో నీళ్లే ఖాళీ చేయించాయి. ఆ ఏడాది జులైలో కురిసిన వానకు ఉస్మానియా పాత భవనంలోకి మురుగునీరు చేరింది. మంచాల మీద రోగులు, కింద మోకాలి లోతు నీళ్లు. ఆ దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. నెల తిరక్కుండానే పాత భవనానికి తాళం పడింది. రోగుల్ని కులీ కుతుబ్‌షా భవనంలోకి, మిగతా బ్లాకుల్లోకి సర్దారు. సర్దడం అన్న మాటే సరైంది. మంచానికీ మంచానికీ మధ్య మనిషి పట్టనంత సర్దారు.

అంతకు అయిదేళ్ల ముందే కూలగొట్టాలా, కాపాడాలా అన్న పంచాయితీ మొదలైంది. వారసత్వ కట్టడమని కొందరు, రోగుల నెత్తిన పెచ్చులు రాలుతుంటే వారసత్వమేంటని ఇంకొందరు. ఇద్దరూ న్యాయమే మాట్లాడారు. ఆ న్యాయాల నడుమ ఏళ్లు గడిచాయి. నా మటుకు నాకు, గుమ్మటాల్ని నిలబెట్టి, రోగుల్ని మంచి ఇంట్లోకి మార్చాలన్న చిన్న మాటకు రావడానికి ఇంత కాలం పట్టడమే విడ్డూరం. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన జరిగింది. రెండు వేల పడకలని చెప్పారు. అదే ఏడాది సెప్టెంబరులో మూసీ మళ్లీ పొంగి ఎంజీబీఎస్‌ బస్టాండులోకి వచ్చింది. నది తన జాగా మర్చిపోలేదు.

గడప దాకా వచ్చిన కళాశాల

ఇక మన సంగతి. 2014లో తెలంగాణ ఏర్పడేనాటికి రాష్ట్రంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదు. రెండు హైదరాబాద్‌లో, ఒకటి వరంగల్‌లో. మిగిలిన రెండూ భైంసాకు చెరో పక్కన ఉన్నాయి: 2008లో వచ్చిన ఆదిలాబాద్‌ రిమ్స్‌, 2013లో వచ్చిన నిజామాబాద్‌. వెనకబడ్డ మూల అని మనల్ని మనం తిట్టుకుంటాం గానీ ఈ ఒక్క విషయంలో ఖమ్మం, నల్గొండ, పాలమూరుకంటే మనమే ముందున్నాం. తర్వాతి పదేళ్లలో ఆ ఐదూ 34 అయ్యాయి. 2023 సెప్టెంబరు 15న ఒకే రోజు తొమ్మిది కళాశాలలు మొదలైతే వాటిలో నిర్మల్‌ ఒకటి. వంద సీట్లు. భైంసా నుంచి గంట దారి.

దూరం లెక్కన చూస్తే పండగ చేసుకోవాల్సిందే. రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద దవాఖాన నలభై కిలోమీటర్లకు వచ్చింది. మరి చీటీలు ఆగాయా? భైంసా ఏరియా ఆసుపత్రి నిర్మల్‌కు రాస్తుంది. నిర్మల్‌ నిజామాబాద్‌కు రాస్తుంది. నిజామాబాద్‌ నుంచి మళ్లీ గాంధీకో ఉస్మానియాకో. ఒక చీటీ మూడు చీటీలవుతుంది. ప్రతి మెట్టు దగ్గరా స్ట్రెచర్‌ దించి, ఎక్కించి, కొత్తగా రక్తం తీసి, కొత్తగా ఫిల్ములు తీసి. దారి దగ్గరైందో మజిలీలు పెరిగాయో రోగి బంధువుల్నే అడగాలి.

బోర్డు మార్చితే జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి కాదు. వంద మంది విద్యార్థులకు నాలుగు వందలకు పైగా పడకలు కావాలని నిబంధన. పడకలు వేయడం తేలికే. ఆ పడకల పక్కన నిలబడి పాఠం చెప్పే ప్రొఫెసర్‌ రావడమే కష్టం. హైదరాబాద్‌లో ఇల్లు, పిల్లల చదువులు, సాయంత్రం ప్రాక్టీసు ఉన్న డాక్టరును నిర్మల్‌కు వేస్తే పొద్దున వచ్చి సాయంత్రం పోవాలని చూస్తాడు. మనిషిగా అతణ్ని తప్పు పట్టలేం. కానీ యూనిట్‌ చీఫ్‌ ఊళ్లో లేని రాత్రి హౌస్‌సర్జన్‌ ఎవరికి భయపడతాడు? ఎవర్ని అడుగుతాడు? 2025లో జాతీయ వైద్య కమిషన్‌ రాష్ట్రంలోని చాలా ప్రభుత్వ వైద్య కళాశాలలకు బోధకుల కొరత మీద, వసతుల మీద నోటీసులు ఇచ్చింది. ఉస్మానియా గుమ్మటాలు పెచ్చులూడి, తాళం పడి, నీళ్లలో నానినా జనం ఇంకా అక్కడికే ఎందుకు పోతున్నారు? 1846 నుంచి ఒకరి తర్వాత ఒకరుగా మంచం పక్కన నిలబడ్డ గురుశిష్యుల గొలుసు అక్కడ తెగలేదు కాబట్టి. నిర్మల్‌కు భవనం వచ్చింది. గొలుసుకు మొదటి కొక్కెం ఇప్పుడే పడుతోంది.

మారుమూల కళాశాలలో ఉండే బోధకులకు మంచి క్వార్టర్లు, చెప్పుకోదగ్గ అదనపు జీతం, ఇన్నేళ్లు చేస్తే కోరిన చోటికి బదిలీ అన్న రాతపూర్వక హామీ ఇస్తే ఎందుకు రారో చూద్దాం. పురుగుమందు, పాముకాటు కేసులకు రాష్ట్రంలోనే పేరున్న వార్డు నిర్మల్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఎందుకు ఉండకూడదు? అంతటి అనుభవం ఇచ్చే చేన్లు ఇక్కడున్నాయి. ఈ ఒక్క విద్యలో మన దగ్గర చదివినవాడిని హైదరాబాద్‌ అరువు అడగాలి.

అంతదాకా చీటీ రాసిచ్చే చోట ఒక్క మాట అడగండి. ఏ గంటకు తెచ్చాం, ఏ మందు ఎంత ఇచ్చారు, ఏ పరీక్షలు చేశారు, ఈ మూడూ ఆ కాగితం మీద స్పష్టంగా రాయమనండి. పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకుని రోగితో పాటే పంపండి. అంబులెన్సుకు 108. పాముకాటుకు నాటు వైద్యుడి దగ్గర ఆగకండి.

2023లో నిర్మల్‌లో చేరిన తొలి వంద మంది 2028లో హౌస్‌సర్జన్లు అవుతారు. ఆ ఏడాది నుంచి రాత్రి పూట భైంసా అంబులెన్సు తలుపు తీసేది వాళ్లే.